ఆరు కొట్టకముందే చెప్పిన శుభాకాంక్షలు

ఒక ప్రభుత్వాన్ని ఓడించినంత పని చేశానని నా మీద ఒక నింద ఉంది. నిజమో కాదో మీరే తేల్చండి. నేను రాజకీయాల్లో ఎప్పుడూ లేను. బ్రెమెన్‌లో ఒక పెద్ద ఫంక్షన్ హాలు వంటగదిలో పనిచేసి మొన్నీమధ్యే రిటైరయ్యాను. ఇంట్లో ఊరికే కూర్చుంటే తోచడం లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చే మన పిల్లలు "ఆంటీ, ఈ దేశంలో ప్రమోషన్ ఎలా వస్తుంది?" అని అడుగుతుంటారు. ఒకరు మాస్టర్స్ చదువుతూ కెఫేలో వారానికి కొద్ది గంటల మినీజాబ్ చేస్తుంటారు, ఇంకొకరు కొత్తగా బ్లూ కార్డ్ అనే ఉద్యోగ వీసా మీద వచ్చి బాస్ మొహంలో ఒక్క నవ్వు కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటారు. నాకు వచ్చిన ప్రమోషన్ ఒక్కటే. దాని కథ మాత్రం శుభ్రంగా చెప్పగలను.

ముందు మా చెఫ్ గురించి చెప్పాలి. పుట్టింది, పెరిగింది బ్రెమెన్‌లోనే. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు మనిషి. మాటలు మాత్రం మహా పొదుపు. పొద్దున్నే "మోయిన్" అన్నారంటే పలకరింపులు అయిపోయినట్టే, మళ్ళీ మధ్యాహ్నం దాకా ఆ నోరు తెరుచుకోదు. నేనేమో ఉడుకుతున్న కూరతో కూడా కబుర్లు చెప్పే రకం. చేరిన కొత్తల్లో నేను చేసిన సాస్ రుచి చూసి ఆయన "నిష్ట్ ష్లెష్ట్" అన్నారు. చెడ్డగా లేదు అని. నేను ఇంటికెళ్ళి ఏడ్చాను. ఈ ఊళ్ళో అది పెద్ద మెప్పు అని మా ఆయన ఆఫీసులో ఎవరినో కనుక్కొచ్చి చెప్పేదాకా నాకు తిండి సయించలేదు.

మా ఆయన విమానాల కంపెనీలో ఇంజనీరుగా వస్తే, వెంట నేనూ వచ్చాను. కాకినాడలో చదివిన బీకాం ఇక్కడ ఎందుకూ కొరగాదని తొందరగానే తెలిసింది. పాపకి కిటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, సీటు దొరకగానే ఈ హాల్లో గిన్నెలు కడగడానికి చేరాను. గిన్నెల దగ్గర్నుంచి కూరగాయలు తరగడానికి, అక్కణ్ణుంచి పొయ్యి దగ్గరకి, చివరికి చెఫ్ పక్కన రెండో మనిషిగా నిలబడేదాకా వచ్చాను. అక్కడే ఆగిపోయాను.

చెఫ్ రిటైరయ్యే ఏడు వచ్చింది. ఆయన తర్వాత వంటగది నాదే అనుకున్నాను. హాలు మేనేజరు అలా అనుకోలేదు.

"మీ చేతి వంటకి వంక పెట్టలేను. కానీ హెడ్ అంటే వంట ఒక్కటే కాదు కదా. క్లయింట్లతో మాట్లాడాలి, అతిథుల మధ్య తిరగాలి. ఇన్నేళ్ళలో మీరు ఆ తలుపు దాటి హాల్లోకి వచ్చింది నేను చూడలేదు" అన్నారు. హాంబుర్గ్ నుంచి ఎవరో అనుభవజ్ఞుడు అడుగుతున్నాడని కూడా చెప్పారు. చివరికి ఒక దారి చూపించారు. "ఎన్నికల సాయంత్రం మొత్తం మీరే నడపండి. వంటగదీ మీదే, హాలూ మీదే. చెఫ్ అక్కడే ఉంటారు గానీ వేలు పెట్టరు. ఆ తర్వాత మాట్లాడుకుందాం."

నాకు ఆ ఉద్యోగం కావాలి. దాచుకోవడం ఎందుకు, చాలా కావాలి. మా ఆయనకి ఆయన ఆఫీసులో పేరుంది. అమ్మాయి డార్మ్‌స్టాట్‌లో చదువు ముగించి ఉద్యోగంలో కుదురుకుంది. నేను మాత్రం ఇన్నేళ్ళూ ఎవరో ఒకరి పక్కన నిలబడడంతోనే సరిపెట్టుకున్నాను. వెళ్ళేలోపు ఒక్కసారైనా నా వంటగది అనిపించుకోవాలని పట్టుదల పుట్టింది.

ఇక ఎన్నికల సంగతి. బ్రెమెన్ ఊరూ అదే, రాష్ట్రమూ అదే. ఇక్కడ మేయరే ముఖ్యమంత్రి. శాసనసభ ఎన్నికలంటే మనకి మల్లే మైకుల మోత, ఊరేగింపులు ఉండవు. స్తంభాలకి అభ్యర్థుల ఫోటోలు కడతారు, సూపర్‌మార్కెట్ ముందు గొడుగు వేసుకుని పెన్నులు పంచుతారు, అంతే. ఆదివారం పోలింగు. సాయంత్రం ఆరింటికి పోలింగు ముగియగానే టీవీలో మొదటి అంచనా వస్తుంది. అధికారంలో ఉన్న పార్టీ ఆ సాయంత్రానికి మా హాలు తీసుకుంది. ఏ పార్టీ, ఏ సంవత్సరం అని అడక్కండి. నేను ఎవరికి ఓటేశానో మా ఆయనకే చెప్పలేదు.

ఎన్నికల రోజు వంటకి చెఫ్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. గెలిచినవాళ్ళూ తినగలగాలి, ఓడినవాళ్ళూ తినగలగాలి. అందుకని బంగాళాదుంప సూపు, చేప పెట్టిన బన్నులు, చివర్లో బట్టర్‌కూఖెన్. అది పెద్ద పళ్ళెంలో పల్చగా కాల్చి, పైన వెన్న, చక్కెర, బాదం వేసే కేకు. ఇక్కడ పెళ్ళిలోనూ అదే పెడతారు, చావింట్లోనూ అదే పెడతారు. ఆ కేకుని చూసి లోపల జరిగింది ఏమిటో ఎవరూ చెప్పలేరు. ఆ మెనూలో నేను ఏమీ మార్చలేదు.

కానీ ఒకటి కలిపాను. పేపర్లన్నీ మళ్ళీ ఈ ప్రభుత్వమే వస్తుందని రాస్తున్నాయి కదా అని, శనివారం ఇంట్లో కూర్చుని నెయ్యి ఘుమఘుమలాడేలా ఒక డేగిశా నిండా రవ్వలడ్లు చుట్టాను. మన సంగతి మీకు తెలుసు. పిల్లవాడు పరీక్షకి బయల్దేరుతుంటేనే "ఫస్ట్ క్లాసు నీదే, స్వీట్ ఎప్పుడు?" అంటాం. సంబంధం ఇంకా మాటల్లో ఉండగానే పప్పన్నం ఎప్పుడు పెడతారని అడుగుతాం. ఆ రోజు మర్చిపోతామేమోనని పుట్టినరోజుకి ముందే "అడ్వాన్స్ హ్యాపీ బర్త్‌డే" చెప్పి పడేస్తాం. మంచి మాట కాస్త ముందుగా అంటే పోయేదేముంది?

ఆదివారం పొద్దున్న పార్టీ తరఫున ఏర్పాట్లు చూసే ఆవిడ వంటగదికి వచ్చారు. సన్నటి మనిషి, చెవిలో ఫోను, కళ్ళ కింద నలుపు. నిద్రపోయి వారమైనట్టు ఉన్నారు. క్లయింటుతో నేరుగా మాట్లాడడం అదే మొదటిసారి కాబట్టి నేను రెట్టింపు ఉత్సాహంతో లడ్ల పళ్ళెం ముందుకు చాపాను.

"మీకు ముందుగానే హృదయపూర్వక శుభాకాంక్షలు! గెలుపు మీదే!"

వద్దనబోతూ ఎత్తిన ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఏమన్నారు?" అని అడిగారు. సరిగా వినపడలేదేమోనని నేను ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం నవ్వుతూ మళ్ళీ అన్నాను.

ఆవిడ గిర్రున తిరిగి చెక్క కోసం వెతకడం మొదలుపెట్టారు. కీడు తగలకుండా చెక్క మీద కొట్టడం వీళ్ళ అలవాటు. మా వంటగదిలో బల్లలు స్టీలు, అరలు స్టీలు, కూరగాయలు తరిగే పలకలు ప్లాస్టిక్కు. చివరికి మూలన చీపురు కర్ర కనిపిస్తే పరుగున వెళ్ళి దాని మీద టకటకా కొట్టారు. చెఫ్ మాత్రం కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ నిలబడ్డారు.

"మొదటిసారి నేను పనిచేసిన ఎన్నికల్లో ఒకాయన ఆరు కాకముందే షాంపేన్ మూత తీశాడు. ఏమైందో తెలుసా?" అన్నారావిడ. మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఆవిడ వెళ్ళగానే అమ్మాయికి ఫోన్ చేశాను.

"మమ్మీ! దస్ మాఖ్ట్ మన్ దోఖ్ నిష్ట్! అలా అస్సలు చెప్పకూడదు" అని అరిచింది. "ముందే చెబితే జరగాల్సింది కూడా జరగదని వీళ్ళ నమ్మకం."

"ఆ పట్టింపు పుట్టినరోజుకే కదే?"

"అన్నిటికీ మమ్మీ! నా ఎగ్జామ్ రిజల్ట్స్ అప్పుడు కూడా నువ్వు నా ఫ్రెండ్స్‌కి ఇలాగే చెప్పావు. వాళ్ళు వారం రోజులు భయపడి చచ్చారు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా!"

"చెప్పా. నువ్వు వాళ్ళకి లడ్లు పెట్టడంలో బిజీగా ఉన్నావ్."

కాసేపటికి మేనేజరు వచ్చారు. లడ్లు ఫ్రిజ్ గదిలో వెనకాల, ఎవరికీ కనపడకుండా పెట్టించారు. తర్వాత గొంతు సవరించుకుని, "ఆరింటికి మీరు హాల్లో కనిపించకూడదని క్లయింటు కోరిక" అన్నారు.

"హాలు నడపమంది మీరే కదా?"

"అవును. అదే ఇప్పుడు చిక్కు" అని ఆయన బూట్ల వైపు చూసుకున్నారు.

హాంబుర్గ్ ఆయన అప్పటికే పెట్టె సర్దుకుంటున్నట్టు అనిపించింది నాకు. నా నోటి మీద నాకే కోపం వచ్చింది. ఆ కోపంతో ఉల్లిపాయలు తరిగితే ఎంత సన్నగా వచ్చాయో చెప్పలేను.

ఆరయింది. హాలు నిండిపోయింది. వంటగదిలో మేమందరం చేతులు ఆపి చెవులు రిక్కించాం. గెలిస్తే హోరు వినిపిస్తుంది, ఓడితే నిట్టూర్పు వినిపిస్తుంది. మాకు ఏదీ వినిపించలేదు. తలుపు సందులోంచి చూస్తే సంగతి అర్థమైంది. ఒక ఛానెల్లో ప్రభుత్వం ఒక వెంట్రుకవాసి ముందుంది. రెండో ఛానెల్లో అదే వెంట్రుకవాసి వెనకుంది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియడం లేదు. కొందరు సగం ఎత్తిన చేతులతోనే ఉండిపోయారు.

మా చిక్కు వేరే ఉంది. మేయరు మాట్లాడాకే బఫే తెరవాలని ముందే రాసుకున్న ఏర్పాటు. లెక్క తేలేదాకా మేయరు పక్క గదిలోంచి బయటికి రారు. వారాల తరబడి గుమ్మాలెక్కి దిగి ప్రచారం చేసిన జనం, పొద్దుటి నుంచి ఏమీ తినకుండా చేతిలో గ్లాసుతో నిలబడ్డారు. నింపి పంపిన గ్లాసులు నిండుగానే వెనక్కి వస్తున్నాయి. ఒక పెద్దాయనకి కళ్ళు తిరిగితే కుర్చీలో కూర్చోబెట్టారని సర్వ్ చేసే అమ్మాయి వచ్చి చెప్పింది.

నేను చెఫ్ వైపు చూశాను. ఆయన మూలన స్టూల్ మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"చెఫ్, బఫే తెరవనా?"

"నేను ఇవాళ ఇక్కడ లేను" అన్నారు.

"జనం ఆకలితో ఉన్నారు చెఫ్."

"లేని మనిషికి ఎలా తెలుస్తుంది?"

ఒళ్ళు మండింది. మన ఇళ్ళల్లో ఏదైనా తేలక నలుగురు గుమిగూడి కూర్చున్నప్పుడు మనం ఏం చేస్తాం? ముందు అందరి కడుపులో ఇంత పడేలా చూస్తాం, తర్వాత మాటలు. బఫే మీద కప్పిన గుడ్డ తీయలేదు, మాటంటే మాటే. సూపుని మాత్రం కప్పుల్లో పోయించి పళ్ళేల్లో సర్దించాను. ఏప్రాన్ మార్చుకుని, మొదటి పళ్ళెం నేనే ఎత్తుకుని ఆ తలుపు తోసుకుని హాల్లోకి వెళ్ళాను. కనిపించకూడదన్న గంట దాటింది కదా, నా లెక్కలో అది చాలు.

ఇక్కడ మనిషి "వద్దు, థాంక్స్" అంటే వద్దనే అర్థం, రెండోసారి అడగరు. నాకు ఆ అలవాటు ఎప్పుడూ అబ్బలేదు. మొదటి వద్దు మొహమాటం, రెండో వద్దు మర్యాద, మూడోదానికి కప్పు చేతిలో ఉంటుంది. పంక్తిలో కొసరి కొసరి వడ్డించినట్టు వరసంతా తిరిగాను. "వేడిగా ఉంది, ఒక్క గుక్క తాగండి", "మీరు సగమే తాగారు", "ఆయనకి ఇంకోటి ఇవ్వండి". కళ్ళు తిరిగిన పెద్దాయన రెండు కప్పులు తాగి, మూడోది పక్కవాళ్ళ దగ్గర లాక్కున్నారు. హాల్లో మాటలు మొదలయ్యాయి. ఎవరో నవ్వారు కూడా.

అప్పుడు ఎదురుపడ్డారు ఏర్పాట్ల ఆవిడ. పారిపోవడానికి నాకు దారి లేదు.

"మీరా? మీరు ఇక్కడ..."

"సూపు తీసుకోండి."

"నేను తినను. తేలేదాకా ఏమీ ముట్టను."

"పొద్దుటి నుంచీనా?"

"నిన్నటి నుంచి."

"అయ్యో తల్లీ!" అని తెలుగులోనే అనేశాను. తర్వాత జర్మన్‌లోకి దిగాను. "ఇది గెలుపు సూపు కాదండీ. ఓటమి సూపూ కాదు. ఇందులో బంగాళాదుంప తప్ప ఇంకేం లేదు. మీరు కింద పడితే మేయరుని స్టేజి మీదకి ఎవరు పంపిస్తారు?"

ఆవిడ నన్ను చూశారు, కప్పుని చూశారు. నేను నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డాను. ఎంత కష్టపడి మూసుకున్నానో ఆవిడకి కనిపించే ఉంటుంది. కప్పు అందుకుని గోడకి ఆనుకుని చిన్నపిల్లలా గటగటా తాగేశారు. నేను రెండోది చేతిలో పెట్టాను. "వద్దు" అన్నారు గానీ తాగారు.

ఆ తర్వాత వచ్చిన అంచనాలో ప్రభుత్వం కాస్త ముందుకి జరిగింది. దాని తర్వాతదానిలో ఇంకొంచెం. రెండు ఛానెళ్ళూ ఒకే మాట చెప్పేసరికి పైకప్పు ఎగిరిపోయేంత హోరు. మేయరు స్టేజి ఎక్కారు, మాట్లాడారు, జనం చప్పట్లు కొట్టారు, నేను బఫే మీద గుడ్డ తీశాను. పాత ప్రభుత్వమే మళ్ళీ వచ్చింది.

మేయరు కిందికి దిగాక నేరుగా మా బల్ల దగ్గరకే వచ్చారు.

"పొద్దున్నే నాకు శుభాకాంక్షలు చెప్పింది మీరేనట కదా?"

"అవునండీ" అన్నాను నేల చూపులు చూస్తూ.

"పోనీ ఇప్పుడు చెప్పండి."

నేను నోరు తెరిచేలోపే పక్కనుంచి ఏర్పాట్ల ఆవిడ "వద్దు!" అని గావుకేక పెట్టారు. "అసలు లెక్కింపు ఇంకా అవ్వలేదు!"

నిజమే. బ్రెమెన్‌లో ఒక్కో ఓటరుకి ఐదు ఓట్లు. ఓటు కాయితమే ఒక చిన్న పుస్తకంలా ఉంటుంది. అదంతా లెక్కపెట్టేసరికి వారం సగం గడిచిపోతుంది. మేయరు పగలబడి నవ్వి, చేప బన్ను తీసుకుని వెళ్ళిపోయారు.

అధికారిక ఫలితం వచ్చిన మధ్యాహ్నం ఏర్పాట్ల ఆవిడ ఒక్కరే వంటగదికి వచ్చారు. ఈసారి మొహం కడిగిన ముత్యంలా ఉంది. "ఆ తెల్లటి ఉండలు ఇంకా ఉన్నాయా?" అని అడిగారు. ఫ్రిజ్ గదిలోంచి తీసి కాసేపు బయటపెట్టి ఇచ్చాను. స్టూల్ మీద కూర్చుని ఒక్కో లడ్డూ కళ్ళు మూసుకుని తిన్నారు. మిగతావి డబ్బాలో సర్దించుకున్నారు. పోతూ పోతూ మేనేజరు గదిలోకి వెళ్ళారు.

మర్నాడు మేనేజరు నన్ను పిలిచారు. "వాళ్ళు వచ్చే ఎన్నికలకి కూడా హాలు అడిగారు. రెండు షరతులు పెట్టారు. వంటగదీ హాలూ మీరే చూసుకోవాలి. రెండోది, సాయంత్రం ఆరింటిదాకా మీరు వాళ్ళతో మాట్లాడకూడదు" అన్నారు. ఆ మాట అంటూ నవ్వు ఆపుకోలేకపోయారు. చెఫ్ దిగిపోయిన మర్నాటి నుంచి, అంటే రాబోయే ఒకటో తారీఖు నుంచి వంటగది నాదని చెప్పారు.

ఇంటికొచ్చేలోపే వార్త పాకిపోయింది. మన వాళ్ళ వాట్సాప్ గ్రూపు శుభాకాంక్షలతో నిండిపోయింది. మా ఆయన పూలు తెచ్చారు. గిన్నెలు కడిగే కుర్రాళ్ళు గరిటెలతో తాళం వేశారు. ఒక్క చెఫ్ మాత్రం ఏమీ అనలేదు.

నేను వెళ్ళి చెప్పినప్పుడు తల ఊపి, ఫ్రిజ్ తలుపు రబ్బరు మార్చాలని గుర్తుచేశారు. ఆ తర్వాత రోజులన్నీ అంతే. ఏ సప్లయరు ఆలస్యం చేస్తాడు, ఏ ఓవెన్ ఎడమవైపు ఎక్కువ కాలుతుంది, ఇవే మాటలు. నాకు మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళు పక్కన నిలబడ్డాను, ఆయనకి వెన్నునొప్పి వస్తే బస్తాలు నేను మోశాను, ఒక్క మంచి మాటకి కూడా నోచుకోలేదా అని ఇంటికెళ్ళి మా ఆయన దగ్గర సణుక్కున్నాను. చెఫ్‌కి నేను ఆ కుర్చీలో కూర్చోవడం ఇష్టం లేదేమోనని కూడా అనుమానం వచ్చింది. ఆఖరి రోజు అందరితో చెయ్యి కలిపి, నా దగ్గర "రేపు నూనె డబ్బాలు వస్తాయి" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయారు.

మర్నాడు ఒకటో తారీఖు. సన్నగా వాన పడుతోంది. ఇంకా వెలుతురు సరిగా రాలేదు. నేను వెనక తలుపు తాళం తీయబోతుంటే ట్రామ్ స్టాప్ వైపు నుంచి పొడవాటి మనిషి ఒకాయన గొడుగు లేకుండా వస్తున్నారు. దగ్గరికొచ్చాక గుర్తుపట్టాను. వంటవాడి తెల్లకోటు లేకుండా ఆయన్ని నేను చూసింది తక్కువ. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నారు. జీవితంలో మొట్టమొదటిసారి పొద్దెక్కేదాకా పడుకోగలిగిన రోజున, మొదటి ట్రామ్ పట్టుకుని వచ్చారు.

"మోయిన్" అన్నారు. "తాళం తీయి."

తీశాను. నేను లోపలికి అడుగు పెట్టేదాకా ఆగారు. గుమ్మం బయటే నిలబడి, తడి చేతిని ప్యాంటుకి తుడుచుకుని చాపారు.

"ఇప్పుడు నీది. ఇప్పుడు చెప్పొచ్చు. హృదయపూర్వక శుభాకాంక్షలు."

లోపలికి రండి, కాఫీ పెడతాను అన్నాను. నాకు ఇక్కడ పనేముంది అని నవ్వి, ఆ వానలోనే మళ్ళీ స్టాప్ వైపు నడిచారు. మేనేజరు చెప్పిన రోజునే ఆ మాట అనేసి ఉంటే "థాంక్స్ చెఫ్" అని పనిలో పడిపోయేదాన్ని. ఇప్పుడు మాత్రం నూనె డబ్బాల బండి వచ్చి హారన్ కొట్టేదాకా ఆ గుమ్మంలోనే నిలబడి ఏడ్చాను.